దొర కీలులో సూది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను, తరవాత వీడేమిటి అందరి మీదా ఇలా అరుస్తున్నాడు అనుకోకండి. డెబ్బై నాలుగు డిసెంబరులో ఆ ఆదివారం నేను అరిచిన అరుపులకు మూడు రోజులు గొంతు పెగల్లేదు. అరవకుండా ఎలా ఉంటాను? మా దొర కాలి కీలులో సూది దిగి ఉంది. సరిగ్గా అదే నిమిషంలో ఆ ఏటి మొదటి కవళ్ళ చేపల గుంపు ఒడ్డుకొచ్చింది. మీరైతే ఏం చేసేవారు?

దొర అంటే మా పేట గుర్రం. అడవి కాంట్రాక్టరొకడు దుంగలు లాగించడానికి ఓడలో తెప్పించి, పని అయిపోయాక వదిలించుకుంటుంటే మా వల జట్టువాళ్లు అందరూ కలిసి కొన్నారు. తెల్లగా, పొడుగ్గా ఉండి, మనుషుల్ని లెక్కచెయ్యనట్టు చూసేవాడు కాబట్టి దొర అని పేరు పెట్టారు. మా పేట సముద్రం నడుమ ఈ దీవుల్లో, తుష్నాబాద్ దాటి పడమటి ఒడ్డున ఉంది. మా నాన్నల తరం శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి వేసుకున్న పేట అది. మాది పెద్దవల. పడవ వలను తీసుకుపోయి సముద్రంలో చుట్టూ తిప్పి దింపుతుంది, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద రెండు జట్లు లాగుతాయి. మాకు మనుషులు తక్కువ. అందుకని ఒక తాడుకు ముందు దొర, వాడి వెనక నలుగురు మనుషులు.

లాగడానికో పద్ధతి ఉంది. జట్టులో పాటగాడు పోలిరాజు పాట అందుకుంటే అందరూ లాగుతారు. మధ్యలో వాడు "నిలుపు!" అని కేకేస్తాడు. అప్పుడు లాగడం ఆపాలి, కానీ తాడు సడలకూడదు. ఒళ్లంతా బరువు పెట్టి, ఎక్కడివాళ్లక్కడ బిగబట్టి నిలబడాలి. దొర ఈ పద్ధతిని మనుషులకన్నా బాగా నేర్చుకున్నాడు. నిలుపు అన్న మాట వినబడితే రొమ్ముకున్న తోలుపట్టీ మీదికి ఒరిగి నిలబడేవాడు. కంటి మీద ఈగ వాలినా కదిలేవాడు కాదు.

ఆరేళ్లు ఇసుకలో లాగి లాగి వాడి ముందు కుడికాలు పాడైంది. గిట్టకు పైనున్న కీలు ఉబ్బిపోయింది. కిందటి సీజనులో రెండుసార్లు లాగుతూ లాగుతూ కూలబడ్డాడు, రెండుసార్లూ వల రాళ్ల మీద చిరిగింది. జట్టుకు పెద్ద మా నాన్న అప్పలకొండ. ఆయన తేల్చేశాడు. లంబాలైన్‌లో ఇటుకల బండి తోలే నూకయ్యకు దొరను ఇచ్చేయడమే అన్నాడు. కుంటి గుర్రం ఇటుకల బండి కింద ఎన్నాళ్లు బతుకుతుందో మాకందరికీ తెలుసు. ఆర్నెల్లు కూడా బతకదు.

ఒప్పుకోనిది మా అత్త యర్రమ్మ ఒక్కతే. నాన్నకు అక్క, మా వైపు అప్ప అంటారు. మావయ్య పోయాక ఆయన చోట్లో తాడు పట్టిన మనిషి. దొరకు మేతా నీళ్లూ ఆవిడవే, తిట్లూ ఆవిడవే. ఒకరోజు చేపల బుట్టతో సహా మిడిల్ పాయింట్‌లో నా క్వార్టరుకు వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను పశువుల ఆసుపత్రిలో కంపౌండర్ని.

"ఒరే కన్నా, నీ ఆస్పత్రిలో కోడికి మందుంది, మేకకి మందుంది. మా దొరకి లేదేటి?" అంది.

"గుర్రాలెక్కడున్నాయత్తా ఈ దీవుల్లో, మందు తెప్పించడానికి?"

"ఒకటుంది కదా. అది సాలదేటి?"

మా డాక్టర్ చక్రవర్తి గారితో మర్నాడు భయంభయంగానే చెప్పాను. ఆయన బెంగాలీ, తలంతా నెరిసిపోయిన మనిషి, వయసులో ఉండగా మిలటరీలో గుర్రాల డాక్టరు. గుర్రం అన్న మాట చెవిన పడగానే కుర్చీలోంచి లేచిపోయాడు. "ఘోడా? యహా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని నన్నే తిట్టాడు. ఆ సాయంత్రమే వచ్చి దొర కాలు మడిచి, తడిమి, నడిపించి చూశాడు. ఎముకల కొసన ఉండే మెత్తని పొర అరిగిపోయిందనీ, కీలులో ఉండే జిగురు పల్చబడి ఎముకకు ఎముక ఒరుసుకుంటోందనీ చెప్పాడు. మందును నేరుగా ఆ కీలులోకే ఎక్కించాలన్నాడు. కలకత్తాకు ఉత్తరం రాస్తే రెండు నెలలకు ఓడలో ఒకే ఒక్క సీసా వచ్చింది. నా బొటనవేలంత ఉంది.

"సూది పడితే పది రోజులు సూస్తాను," అన్నాడు నాన్న. "ఆదివారం సాయంత్రం నూకయ్యొస్తాడు. ఈలోగా పడకపోతే తోలుకెళ్లిపోతాడు. మళ్లీ నన్నేటీ అనకు అప్పా."

ఆదివారం పొద్దున్నే జీపులో దిగాం. డాక్టరు గారు దారి పొడుగునా నాకు ఒకటే పాఠం. కీలు అంటే మూసి ఉన్న గది. సూదితో పాటు ఏ కాస్త మురికి లోపలికి పోయినా చీము పట్టి గుర్రం చచ్చిపోతుంది. కాబట్టి కడుగు, మళ్లీ కడుగు, ఆ తరవాత ఇంకోసారి కడుగు. సరే, నేను కడిగాను. వెంట్రుకలు గొరిగి, సబ్బుతో మూడుసార్లు, ఆపైన స్పిరిట్‌తో తుడిచాను. ఆ చర్మం మెరుస్తుంటే నాకే ముచ్చటేసింది. సూదులు మరిగించడానికి స్టవ్ దగ్గరకు వెళ్లాను. ఎంతసేపు? పది నిమిషాలు.

తిరిగొచ్చేసరికి దొర కాలు పచ్చగా ఉంది.

డాక్టరు గారు నా వెనకే వస్తున్నాడు. "యే పీలా క్యా హై?" అన్నాడు. మొదటిసారి మెల్లిగా. రెండోసారి పేటంతా అదిరేటట్టు.

అత్త చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో సముద్రపు నీళ్లలో కలిపిన పసుపు.

"ఏటత్తా ఇది! మూడుసార్లు సబ్బేసి కడిగేను!"

"మరి పడవకి మేకు కొట్టీముందు పసుపు పుయ్యమేటి? ఇనుము దిగే సోట పసుపుండాల. ఆ సూది ఇనుము కాదేటి?"

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. మా పేటలో పసుపునీళ్లు పూయకుండా ఏ పడవకూ మేకు దిగదు. కర్రకు నొప్పి తెలియకూడదని అలా చేస్తారు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. దొర కాలు ఆవిడకు పడవే మరి. సంగతి తెలిసుండీ వెనక్కి తిరిగినందుకు నన్ననాలి. అయినా ఆ క్షణంలో ఆవిడనే నానా మాటలూ అన్నాను. ఆవిడ నన్ను అంతకు రెండింతలు అంది. డాక్టరు గారు మా ఇద్దర్నీ కలిపి హిందీలో అన్నాడు.

మళ్లీ మొదటి నుంచీ కడిగాను. ఎండ నెత్తి మీదికొస్తోంది. సీసాలో స్పిరిట్ నాలుగు వేళ్ల ఎత్తు మిగిలింది. ఇక దొర ఓపిక కూడా అయిపోయింది. డాక్టరు గారు మిలటరీ పద్ధతిలో వాడి పైపెదవికి తాడు మెలివేసి పట్టుకోబోయాడు. అలా చేస్తే గుర్రం కదలదట. మిలటరీ గుర్రాలు కదలవేమో! మా దొర రెండు కాళ్ల మీద లేచి, నన్ను ఇసుకలో పడేసి, సూదుల ట్రే ఎగిరిపోయేలా తన్నాడు. ఉన్నవి రెండు సూదులు. ఒకటి వంగిపోయింది.

"బస్," అన్నాడు డాక్టరు గారు, చెమట తుడుచుకుంటూ. "మత్తుమందు నా దగ్గర లేదు. కదిలే గుర్రానికి సూది వెయ్యలేను. లోపల విరిగిందంటే నేనే చంపినట్టు."

నాన్న దూరంగా వల సర్దుకుంటూ చూస్తున్నాడు. అత్త మొహం చూడలేకపోయాను. మందు సీసా నా జేబులో ఉండగానే వాణ్ని ఇటుకల బండికి అప్పగించాలా? ఏడుపొచ్చింది నాకు, నిజంగా వచ్చింది.

అప్పుడు అత్త గబగబా వెళ్లి దొర తోలుపట్టీ తెచ్చి వాడి రొమ్ముకు బిగించింది. "ఒరే పోలిరాజూ! ఇలా రా. నిలుపు కేకెయ్యి."

"వలెక్కడుందే?" అన్నాడు పోలిరాజు.

తాడును కొబ్బరిచెట్టుకు కట్టి చూశాం. పోలిరాజు కేకేశాడు. దొర ఒక్కసారి ఆనుకుని చూసి, చెవులు వెనక్కి పెట్టి, పక్కకు తప్పుకున్నాడు. వాణ్ని మోసం చెయ్యడం మా వల్ల అవుతుందా?

"సచ్చిన తాడురా అది," అంది అత్త. "వల తాడుకి పేనముంటాది, గుంజుతాది. ఒరే అప్పలకొండా! నీ జట్టునట్టుకుని నీళ్లలోకి దిగు. ఆ కొస మీరట్టుకోండి. మీరే వల."

నాన్న నోరు తెరిచాడు. "నలభై ఏళ్లు వల లాగినాను. ఇప్పుడు నన్ను వలైపొమ్మంటావా అప్పా?"

"ఐపొమ్మనే అంటన్నాను. ఆదివారమైపోలేదింకా. మాటిచ్చినావు కదా."

జట్టంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే పది మందీ తొడల్లోతు నీళ్లలోకి దిగారు. అందరికన్నా ముందు నాన్న, ఆయన వెనక తక్కినవాళ్లు. తాడు బిగిసింది. పోలిరాజు పాట అందుకున్నాడు. వాళ్లు అటు గుంజుతుంటే దొర చెవులు నిక్కాయి. ఇది చెట్టు కాదని వాడికి తెలిసిపోయింది. రొమ్ముపట్టీ మీదికి ఒరిగి, నాలుగు కాళ్లూ ఇసుకలో దిగేసి, ఒక అడుగు, ఇంకో అడుగు వేశాడు.

"నిలుపు!"

దొర నిలిచిపోయాడు. ఎక్కడి కాలు అక్కడే. తోక కూడా ఆడలేదు.

"వాహ్," అన్నాడు డాక్టరు గారు. "కన్నారావ్, జల్దీ!"

మిగిలిన స్పిరిటంతా ఆ కీలు మీద ఒంపాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, వేలితో వెతికి, ఎముకకూ నరానికీ మధ్య చిన్న గుంట పట్టుకున్నాడు. సూది దించాడు. దొర చర్మం ఒక్కసారి వణికింది, అంతే. అత్త వాడి మెడను కౌగిలించుకుని చెవిలో ఏవో తిట్లు తిడుతోంది, ప్రేమగా.

సూది వెనక నుంచి చుక్కలు పడ్డాయి, పల్చగా, పచ్చగా. డాక్టరు గారు ఒక చుక్కను రబ్బరు తొడుగేసుకున్న బొటనవేలి మీద పట్టి చూపుడువేలితో సాగదీసి చూశాడు. మంచి కీలులో జిగురైతే తీగపాకంలా సాగాలి. ఇది నీళ్లలా తెగిపోయింది. తల ఊపి, ఆ తొడుగు పీకేసి కొత్తది వేసుకుని నా వైపు చెయ్యి చాచాడు. మందు నింపిన సిరంజి అందించాను. ఆయన దాన్ని సూదికి బిగిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే, కొండరాయి మీద చేపల రాక కనిపెడుతూ కూర్చున్న ముసలి తాతబ్బాయి ఎర్ర తువ్వాలు తిప్పుతూ అరిచాడు.

"కవళ్ళొచ్చీసినాయిరో! ఒడ్డుకే ఒచ్చీసినాయి! గుంపురో, గుంపు!"

చూశాను. నీళ్ల మీద నల్లటి నీడ, మా పడవంత వెడల్పుది, మెల్లిగా కదిలొస్తోంది. పైన పక్షులు గోల గోల. ఆ కేక విన్నాక మా పేటలో నిలబడ్డవాడు ఇంతవరకూ లేడు. అన్నం ముందున్నా, పెళ్లి పీటల మీదున్నా పరుగెత్తాల్సిందే. దానికి తోడు పక్క పేటవాళ్ల పడవ అప్పుడే నీళ్లలోకి దిగుతోంది.

"అన్నా, పోతన్నాయే! పోతన్నాయే!" అని నాన్న వెనకున్నవాళ్లు గొల్లుమన్నారు.

"ఛోడ్నా మత్!" డాక్టరు గారు తలెత్తకుండా అరిచాడు. "తాడు వదిలితే గుర్రం ముందుకు పడుతుంది! సూది లోపల ఉంది!"

"ఎవడూ ఒదలకండి!" నేను అరిచాను. "ఒదిలితే మీ కాళ్లిరగ్గొడతాను! నాన్నా! పట్టు నాన్నా!"

పోలిరాజు "నిలుపు, నిలుపు" అంటూనే ఉన్నాడు. నాన్న కళ్లు చేపల మీదే ఉన్నాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తాడు సడలింది. దొర కాలు కదల్లేదు. రొమ్ము మాత్రం ఇంకాస్త ముందుకు వాలింది, గిట్ట ఇసుకలోకి ఇంకాస్త దిగింది. తాడు టక్కున బిగిసింది. డాక్టరు గారి చెయ్యి సిరంజిని మెల్లిగా, ఎంతో మెల్లిగా నొక్కుతూనే ఉంది. అంత నెమ్మదైన చెయ్యిని నేను జన్మలో చూడలేదు. నేను మనసులో అంకెలు లెక్కపెడుతూ పదహారు దగ్గర మర్చిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను.

సూది బయటికొచ్చింది. దూది నొక్కాడు.

"హో గయా!"

"ఐపోయింది! పరిగెట్టండ్రా!"

ఇక చూడాలి ఆ పరుగు! పది మందీ నీళ్లు చిమ్ముకుంటూ పడవ మీద పడ్డారు. నేను పట్టీ కట్టేలోపు పడవ తేలింది, వల దిగింది, చుట్టు తిరిగింది. గుంపులో సగం అప్పటికే జారిపోయింది. మిగతా సగం లోపల పడింది. అవతలి తాడు జట్టు పాట ఎత్తుకుంది. ఇవతలి తాడు దగ్గర నలుగురే, ముందు గుర్రం లేదు.

పాట వినబడేసరికి దొర ఆగుతాడా? తల విదిలించి తాడు వైపు లాగడం మొదలెట్టాడు. అత్త వాడి మొహం మీద ఒక్కటిచ్చి, పగ్గం తీసుకెళ్లి డాక్టరు గారి చేతిలో పెట్టింది. "సాబ్, పకడో! ఒదిలినావంటే నానూరుకోను!" అని, చీర బిగించి తాడు మీదికి ఉరికింది. ఆవిణ్ని చూసి పేటలో ఆడవాళ్లంతా వచ్చిపడ్డారు. పిల్లల్ని చంకల్లోంచి దించి మరీ వచ్చారు. నేనూ పట్టాను. గవర్నమెంటు ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగింది, పట్టించుకోలేదు. లాగాం, నిలిపాం, మళ్లీ లాగాం. అరచేతులు మండిపోయాయి. వల కడుపు ఇసుక మీదికి వచ్చేసరికి లోపలంతా వెండిలా తళతళ, టపటపమని చప్పుడు. నేను గంతులేశాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. నా వయసు అప్పుడు ముప్పై రెండు.

సాయంత్రం డాక్టరు గారు జీపెక్కే ముందు నాన్నకు అంతా చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. పది రోజులు కాలు తడవకూడదు, కొట్టం దాటకూడదు. మూడు రోజుల్లోపు వాపెక్కినా వేడెక్కినా వెంటనే కబురు పెట్టాలి. ఆ తరవాత కుంటకుండా నడుస్తాడు. కానీ మందు నొప్పిని తీస్తుంది, అరిగిపోయినదాన్ని తిరిగి తేదు. కొన్ని నెలలకు మళ్లీ సూది వెయ్యాల్సి రావచ్చు. ఇక వాడు మునుపటిలా ఎప్పటికీ లాగలేడు. సగం బరువే, అదీ పక్కన మనుషులుంటేనే.

ఈ చివరి మాట దగ్గర నా నోరు తడబడింది. అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. అత్త నా కళ్లలోకే చూస్తోంది. చెప్పేశాను. నాన్న "ఊఁ" అని వల దులపడం మొదలెట్టాడు.

అంతలోనే నూకయ్య వచ్చాడు, భుజాన కొత్త పగ్గం వేసుకుని. "ఏది అప్పలకొండ భయ్యా, గుర్రమేది? సీకటడకముందే లంబాలైన్ చేరాల."

అత్త లేచి కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతిలో చేపలు కోసే కత్తి ఉంది.

నాన్న వల దులపడం ఆపలేదు. "గుర్రమేటి? ఇక్కడ గుర్రమేటీ లేదు."

"అదేటి భయ్యా, అదిగో కనబడతంటే!"

"ఆడా? ఆడు మా వల జట్టులో కళాసీ. మెడికల్ లీవులో ఉన్నాడు."

నూకయ్య ఇదేం పేటరా బాబూ అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అత్త కత్తి దించింది. "ఈ మాట పొద్దున్నే సెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవేటి?" అని తమ్ముణ్ని తిట్టి, కొట్టంలోకి పోయి దొర మెడ మీద తల పెట్టి భోరుమంది. సంతోషంతో మనిషి అంత గట్టిగా ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

నేను నాన్న పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను. "ముందులాగ లాగలేడన్నాడు కదా నాన్నా, డాక్టరు. మరి నీకు ఫర్వాలేదా?"

ఆయన వల వదిలేసి తన అరచేతులు చూసుకున్నాడు. తాడు కోసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"తాతబ్బాయి కేకేసినప్పుడు తాడు సడిలింది, సూసినావా?"

"చూశాను. ఎవరు నాన్నా వదిలింది?"

"నానేరా. అందరికన్నా ముందున్నోణ్ని, నానే వదిలీసినాను. పడవ వేపు ఒకడుగు ఏసీసినాను కూడా. అప్పుడు అటునుంచి ఆడు ఒక్క గుంజు గుంజినాడు. నా సేతుల్ని తెచ్చి మళ్లీ తాడుకి అంటించీసినాడు." నాన్న కొట్టం వైపు చూశాడు. "ఆడి కాల్లో సూదుందిరా కన్నా. నా కాల్లో ఏటీ లేదు."